బాకీదారులను విడిపించిన పాట

సంగీతకర్త హాండెల్ జీవితము

చదువవలసిన భాగములు: యెషయా 61:1–3, లూకా 4:16–21



క్రిస్మసు రాత్రియందును ఈస్టరు ఉదయమునను గుడిలో మైకు కట్టినప్పుడు హల్లెలూయ అను ఇంగ్లీషు బృందగానము వేయుట అనేక సంఘములలో వాడుకైనది. ఇంగ్లీషు రానివారు సైతము ఆ ఒక్క మాట విని లేచి నిలుచుందురు. అయితే అది ఒంటరి పాట కాదనియు, సుమారు రెండున్నర గంటలు పాడదగిన మెస్సీయ అను గొప్ప కూర్పులో అది ఒక్క భాగము మాత్రమేననియు ఎరిగినవారు కొద్దిమంది. ఆ కూర్పు మొట్టమొదట పాడబడిన దినమున వచ్చిన సొమ్ముతో, అప్పులు తీర్చలేక చెరసాలలో పడియున్న 142 మంది విడుదల పొందిరని ఎరిగినవారు మరింత కొద్దిమంది. కావున ఈ నెల ఆ కూర్పు చేసిన జార్జి ఫ్రెడరిక్ హాండెల్ జీవితమును గూర్చియు, ఆ పాటలను మనము ఎట్లు వినవలెనో దానిని గూర్చియు వ్రాయుచున్నాను.

హాలే పట్టణపు బాలుడు

హాండెల్ 1685వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన జర్మనీ దేశములోని హాలే పట్టణములో జన్మించెను. తండ్రి అప్పటికే అరువది యేండ్లు దాటినవాడు. క్షౌరమును శస్త్రవైద్యమును కలిపి చేయు వృత్తిలో పైకి వచ్చి, ప్రభువుల ఇండ్లలో వైద్యుడని పేరు పొందినవాడు. ఆ దినములలో ఆ రెండు పనులు ఒక్కరే చేసెడివారు. మన పల్లెలలోను పూర్వము అట్లే యుండెను గదా. తల్లి లూథరన్ పాస్టరుగారి కుమార్తె. కష్టపడి పైకి వచ్చిన తండ్రులందరివలెనే ఈ తండ్రియు, కుమారుడు న్యాయశాస్త్రము చదివి గౌరవముగా బ్రదుకవలెనని కోరెను. సంగీతము కూడు పెట్టదని ఆయన తలంపు.

పిల్లవాడు చిన్న ప్రాయముననే తండ్రివెంట వైసెన్‌ఫెల్స్ అను సంస్థానమునకు పోయి, అచ్చటి గుడిలో ఆర్గన్ వాయించెననియు, ఆ సంస్థానపు ప్రభువు విని ఈ వరమును అణచివేయుట తగదని తండ్రికి బుద్ధి చెప్పెననియు అతని చరిత్రకారులు వ్రాసిరి. ఆర్గన్ అనగా గాలిగొట్టములతో మ్రోగు వాద్యము. మన హార్మోనియమునకు పెద్దన్న వంటిది. తండ్రి మెత్తబడి, హాలేలోని మార్కెట్టు గుడిలో ఆర్గన్ వాయించు జాకో అను గురువునొద్ద కుమారుని పెట్టెను. ఆ గురువు అతనికి వాయించుట మాత్రమే గాక, పాట కట్టుటయు నేర్పెను.

1697లో తండ్రి మరణించెను. అప్పటికి బాలునికి పండ్రెండేండ్లు నిండలేదు. అయిదేండ్ల తరువాత 1702లో అతడు హాలే విశ్వవిద్యాలయములో చేరెను. ఆ యేడే ఒక గుడిలో ఆర్గన్ వాయించు ఉద్యోగము దొరికెను. ఒక్క సంవత్సరము మాత్రమే ఆ పని చేసి, సంగీతమే తన దారి అని నిశ్చయించుకొనెను.

ఈ హాలే పట్టణము మనకు పరాయిది కాదు. హాండెల్ బాలుడై యున్న దినములలోనే అచ్చట ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే అను భక్తుడు దిక్కులేని పిల్లలకు ఇల్లును బడులును స్థాపించెను. ఆ పట్టణములో చదివిన సీగెన్‌బల్గ్ 1706లో తరంగంబాడికి వచ్చెను. తరువాత హాలేనుండియే వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసులో పనిచేసి, బైబిలు భాగములను తెలుగులోనికి తర్జుమా చేసెను. ఆయన స్వదేశమునకు తిరిగి పోయిన తరువాత 1746, 1747 సంవత్సరములలో తెలుగు లిపిలో చిన్న క్రైస్తవ పుస్తకములు హాలేలోనే అచ్చయ్యెను. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకములు అవియేనని చెప్పుదురు. హాండెల్ ఆ మిషను పనిలో చేరినవాడు కాడు. అయితే అనాథలను ఆదుకొనుట భక్తిలో భాగమని నేర్పిన ఊరిలో అతడు పెరిగెను. ఆ సంగతి అతని ముసలితనములో మరల కనబడును.

లోకములో కీర్తి

1703లో పదునెనిమిదేండ్లవాడై హాండెల్ హాంబర్గు నగరమునకు పోయి, ఒపెరా అను సంగీత నాటకములు ఆడు శాలలో వయొలిన్ వాయించు పనికి కుదిరెను. మరుసటి యేడు ఒక స్నేహితునితో మాట పెరిగి ఇద్దరును వీధిలో కత్తులు దూసిరి. ఎదుటివాని కత్తి హాండెల్ కోటు గుండీకి తగిలి విరిగెను. ఆ గుండీ లేని యెడల మెస్సీయ కూర్పు లేదు. వారిద్దరు త్వరలోనే సమాధానపడిరి.

1706 మొదలుకొని 1710 వరకు అతడు ఇటలీలో ఉండి అచ్చటి గాయకులయొద్ద గొంతుకు తగిన పాట కట్టుట నేర్చుకొనెను. 1711లో లండను నగరములో అతని రినాల్డో అను ఒపెరా ఆడగా జనులు విరగబడి వచ్చిరి. తరువాత లండనే అతని ఊరాయెను. రాజులు అతనిని ఆదరించిరి. 1727లో రెండవ జార్జి రాజు పట్టాభిషేకమునకు అతడు కట్టిన గీతము, యాజకుడైన సాదోకును గూర్చినది, నాటినుండి బ్రిటిషు రాజుల పట్టాభిషేకములన్నిటిలోను పాడబడుచు వచ్చినది. 2023లోను పాడిరి.

1600 మొదలుకొని 1750 వరకు యూరపు ఖండములో వర్ధిల్లిన సంగీతమునకు బరోక్ సంగీతమని పేరు. మన భజనలో ఒకరు ఎత్తిన రాగమునే అందరును ఎత్తుకొందురు. ఈ సంగీతములోనైతే నాలుగు గొంతులు నాలుగు దారులలో పోవుచు, ఒకదానిని ఒకటి తరుముచు, కడకు ఒక్కచోట కలిసికొనును. క్రింద ఒక మంద్రస్వరము ఇంటికి పునాదివలె మొదటినుండి చివరివరకు నడుచును. అదే 1685లో జర్మనీలోనే పుట్టిన బాఖ్ ఈ సంగీతమునకు ఒక స్తంభమైతే హాండెల్ రెండవ స్తంభము. వింత యేమనగా, వారిద్దరు ఒక్కనాడును ఒకరినొకరు చూచుకొనలేదు.

ఇచ్చట ఒక చేదు సంగతి కూడ చెప్పవలెను. ఆ దినములలో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ అనునది ఆఫ్రికా దేశస్థులను బానిసలుగా కొని ఓడలలో అమెరికా ఖండమునకు చేర్చి అమ్ముచుండెను. 1720లో హాండెల్ పేర ఆ కంపెనీ వాటాలు ఉండెనని దాని లెక్కపుస్తకములను పరిశోధించిన పండితులు మన కాలములో బయలుపరచిరి. ఆ కాలమందు అనేకులు అట్లు చేసిరనుట నిజమే. అయినను దానిని దాచిపెట్టి అతనిని పరిశుద్ధునిగా చూపుట మనకు తగదు. బైబిలు గ్రంథము దావీదు పాపమును దాచలేదు, పేతురు బొంకును దాచలేదు. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొని ముందుకు చదువుడి.

లోకములో కీర్తి నిలుచునది కాదు. 1733లో ప్రభువులు కొందరు పోటీగా వేరొక ఒపెరా కంపెనీ పెట్టిరి. రెండు కంపెనీలును నష్టపడెను. 1737 ఏప్రిలులో హాండెల్‌కు పక్షవాతము వచ్చి కుడిచేయి పడిపోయెను. వాయించుటకును వ్రాయుటకును ఆ చేయియే ఆధారము. అతడు జర్మనీలోని ఆకెన్ పట్టణపు వేడినీటి ఊటలకు పోయి స్నానములు చేసి, చాలమంది నమ్మనంత త్వరగా కోలుకొని తిరిగి వచ్చెను. అయితే లండను జనులకు ఇటాలియను నాటకములమీద మోజు తగ్గెను. 1741 జనవరిలో ఆడిన అతని కడపటి ఒపెరా మూడు రాత్రులతోనే ఆగిపోయెను. అతనికి అప్పటికి ఏబదియైదేండ్లు.

ఇరువది నాలుగు దినములు

ఆ సమయమున చార్లెస్ జెన్నెన్స్ అను ధనికుడు అతనికి ఒక కాగితముల కట్ట ఇచ్చెను. ఆయన బైబిలు గ్రంథమును శ్రద్ధగా చదివినవాడు. ఆ కట్టలో ఆయన స్వంత మాట యేదియు లేదు. యెషయా, కీర్తనలు, యోబు, మలాకీ, జెకర్యా, విలాపవాక్యములు, సువార్తలు, పౌలు పత్రికలు, ప్రకటన గ్రంథము మొదలగు వాటినుండి వచనములను ఏర్చి, మూడు భాగములుగా పేర్చెను. మొదటి భాగము వాగ్దానమును క్రీస్తు జననమును. రెండవది శ్రమయు మరణమును పునరుత్థానమును సువార్త ప్రకటనయు. మూడవది మృతుల లేపుటయు గొఱ్ఱెపిల్లకు స్తోత్రమును.

హాండెల్ 1741 ఆగస్టు 22వ తేదీన వ్రాయ మొదలుపెట్టి సెప్టెంబరు 14న ముగించెను. అనగా ఇరువది నాలుగు దినములు. వ్రాతప్రతి 250 పుటలకు మించినది. వ్రాయుచుండగా పరలోకము అతనికి కనబడెనని ఒక కథ చెప్పుదురు. అది అతని మరణమునకు చాలకాలము తరువాత ప్రబలిన కథ. లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో నేటికిని భద్రముగా నున్న ఆ వ్రాతప్రతి చెప్పు సంగతి వేరు. అందులో సిరా మరకలును కొట్టివేతలును దిద్దుబాట్లును ఉన్నవి. అది కష్టించి పనిచేసిన మనుష్యుని చేతివ్రాత.

మరియొక సంగతి. ఆ జూలై నెలలోనే అతడు ఇద్దరు గాయనులకొరకు ఇటాలియను భాషలో ప్రేమ పాటలు కొన్ని కట్టియుండెను. అందులో ఒకటి ప్రేమను నమ్మరాదని నిష్ఠూరమాడు పాట. ఆ పాట వరుసనే తీసి యెషయా 9:6లోని శిశువును గూర్చిన బృందగానముగాను, యెషయా 53:6లోని దారి తప్పిన గొఱ్ఱెల బృందగానముగాను మార్చెను. పాత ఇంటి దూలమును చెక్కి క్రొత్త గుడికి ఎక్కించినట్లు, లోకపు పాట దేవుని పాటాయెను. మన పెద్దలును పల్లె జానపదపు వరుసలలో క్రైస్తవ కీర్తనలు కట్టలేదా?

డబ్లిన్ నగరములో

లండనులో ఆదరణ తగ్గియున్న ఆ యేడే ఐర్లండు దేశమునుండి అతనికి పిలుపు వచ్చెను. నవంబరులో అతడు డబ్లిన్ నగరమునకు చేరెను. అచ్చట ఫిషాంబుల్ వీధిలోని సంగీతశాలలో 1742 ఏప్రిలు 13వ తేదీ మధ్యాహ్నము మెస్సీయ మొట్టమొదట పాడబడెను. చోటు చాలదని, పురుషులు నడుమున కత్తులు లేకుండ రావలెననియు, స్త్రీలు గౌనుల క్రింద వెడల్పు వలయములు లేకుండ రావలెననియు పత్రికలలో ప్రకటించిరి. సుమారు 700 మంది వచ్చిరి. పాడినవారు ఆ నగరపు రెండు పెద్ద గుడులలోని గాయకులును, కొందరు గాయనులును.

వసూలైన సొమ్ము సుమారు 400 పౌనులు. దానిని మూడు భాగములు చేసిరి. రెండు భాగములు బీదల ఆస్పత్రులు రెండింటికి పోయెను. మూడవ భాగము బాకీదారుల విడుదలకు. ఆ దినములలో అప్పు తీర్చలేనివానిని చెరసాలలో వేసెడివారు. లోపలనున్నవాడు కూలి చేయలేడు. కూలి లేక అప్పు తీరదు. అప్పు తీరక తలుపు తెరువబడదు. కొన్ని రూకల బాకీకి ఏండ్ల తరబడి కుళ్లినవారు గలరు. వారి భార్యాబిడ్డలు వీధిపాలయిరి. ఆ మధ్యాహ్నపు పాటవలన 142 మంది బాకీలు తీర్చబడి, వారు ఇండ్లకు పోయిరి.

ఆ దినమున యెషయా 53:3 పాడిన స్త్రీ సుసన్నా సిబ్బర్ అను నటి. ఆమె కాపురము చెడి, సంగతి కోర్టుకెక్కి, లండనులో అందరి నోళ్లలో పడి తలయెత్తలేక యుండెను. మనుష్యులచేత తృణీకరింపబడిన ప్రభువును గూర్చి ఆమె పాడినప్పుడు సభలోనున్న ఒక గురువు లేచి, ఈ పాటతో ఆమె పాపములు క్షమింపబడునుగాక అను భావముతో కేక వేసెనని చెప్పుదురు. తృణీకారము అనగా ఏమో ఆమె ఎరుగును గనుక ఆమె గొంతు వినువారి హృదయమును తాకెను.

మన వేదభాగమైన యెషయా 61:1 చెరలోనివారి విడుదలను గూర్చినది. జెన్నెన్స్ ఏర్చిన వచనములలో ఆ వచనము లేదు. మెస్సీయ కూర్పులో ఎచ్చటను అది పాడబడదు. అయితే ఆ దినమున డబ్లిన్ చెరసాల వాకిట అది నెరవేరెను. గాయకులు పాడని వచనమును కానుక పాడెను. ఈ జీవితములో మనము నేర్చుకొనవలసిన ముఖ్యమైన సంగతి ఇదియే.

దిక్కులేని పిల్లల గుడిలో

1743లో మెస్సీయ లండనుకు వచ్చెను. అచ్చట భక్తులే దానిని ఆక్షేపించిరి. దేవుని వాక్యమును నాటకశాలలో, నటుల నోట పాడించుట అపవిత్రమని పత్రికలలో వ్రాసిరి. ఈ గొడవచేత ప్రకటనలలో మెస్సీయ అను పేరే వేయక, క్రొత్త పరిశుద్ధ సంగీతమని మాత్రమే వేసిరి. హల్లెలూయ పాడగా రాజు లేచి నిలిచెననియు, అందుచేతనే నేటికిని జనులు నిలుచుందురనియు చెప్పుకొను కథకు ఆ కాలపు సాక్ష్యము దొరకలేదు. నిలుచుట మంచిదే; రాజు నిలిచెనని గాక, రాజులకు రాజైనవానికని నిలువవలెను.

కొన్నియేండ్లు ఆ కూర్పు అరుదుగానే వినబడెను. దానికి మరల జీవమిచ్చినది లండనులోని దిక్కులేని పిల్లల ఆశ్రమము. థామస్ కోరం అను ముసలి ఓడ నాయకుడు వీధులలో పారవేయబడిన శిశువులను చూచి ఓర్వలేక, పదునేడేండ్లు పెద్దల వాకిండ్లు తట్టి, 1739లో రాజశాసనము పొంది ఆ ఆశ్రమమును స్థాపించెను. హాండెల్ దాని గుడికి ఒక ఆర్గన్ ఇచ్చి, 1750 మే 1వ తేదీన అచ్చట మెస్సీయ పాడించెను. చోటు లేక అనేకులు వెనుకకు పోవలసి వచ్చినందున, పదునైదవ తేదీన మరల పాడించెను. నాటినుండి ఏటేట అచ్చట అది పాడబడెను. ఆ పాటలవలన ఏండ్లు గడచుకొలది పిల్లలకు దాదాపు 7,000 పౌనులు చేరెను. హాలే పట్టణములో అనాథాశ్రమము నీడలో పెరిగిన బాలుడు, అరువదియైదవ యేట లండను అనాథలకు తన శ్రేష్ఠమైన దానిని ఇచ్చెను.

చూపు పోయిన తరువాత

1751 ఫిబ్రవరి 13వ తేదీన యెఫ్తాను గూర్చిన కూర్పు వ్రాయుచు, దేవుని తీర్పులు మనకు చీకటిగా నున్నవను భావముగల బృందగానమునొద్ద అతని కలము ఆగిపోయెను. ఎడమకంటి చూపు తగ్గినందున ఆపవలసి వచ్చెనని ఆ పుటమీదనే వ్రాసియున్నాడు. పది దినముల తరువాత మరల ఎత్తుకొని, పలుమార్లు ఆగుచు, ఆ యేడు ఆగస్టునాటికి ముగించెను. వైద్యులు కత్తి పెట్టిరి, ఫలము లేకపోయెను. బాఖ్ కన్నులకు 1750లో కత్తిపెట్టిన జాన్ టేలర్ అను వైద్యుడే తరువాత హాండెల్ కన్నులకును వైద్యము చేసెను. ఇద్దరికిని మేలు కలుగలేదు. రెండు సంవత్సరములలో చీకటి పూర్తిగా కమ్మెను.

అయినను హాండెల్ ఇంట కూర్చుండలేదు. చేయి పట్టి నడిపించుకొని వచ్చి ఆర్గన్ ముందు కూర్చుండి, చూడనక్కరలేని దానిని వ్రేళ్లతో వాయించెను. 1759 ఏప్రిలు 6వ తేదీన మెస్సీయ పాడుచుండగా హాజరై యుండెను. అదే కడసారి. ఇంటికి పోయి మంచము పట్టి, ఏప్రిలు 14వ తేదీ ఉదయమున, శుభ శుక్రవారమునకును ఈస్టరుకును నడుమనున్న శనివారము, ప్రాణము విడిచెను. డబ్లిన్‌లో మెస్సీయ పాడిన దినమునకు పదునేడేండ్లు నిండి ఒక్క దినము గడచెను. వెస్ట్‌మినిస్టర్ దేవాలయములో జరిగిన భూస్థాపనకు సుమారు 3,000 మంది వచ్చిరి. అచ్చటి అతని ప్రతిమ చేతిలో యోబు 19:25 పాట యొక్క స్వరములు చెక్కబడియున్నవి.

అతనికి పెండ్లి లేదు, బిడ్డలు లేరు. మరణశాసనములో బంధువులకును సేవకులకును వ్రాసి, బీద సంగీతకారులను ఆదరించు నిధికి 1,000 పౌనులును, అనాథ పిల్లల ఆశ్రమమునకు మెస్సీయ యొక్క శుభ్రమైన ప్రతియు ఇచ్చిపోయెను.

ఎట్లు వినవలెను

హాండెల్ పోయిన తరువాత జనులు ఈ కూర్పును పెద్దది చేయుచు పోయిరి. డబ్లిన్‌లో కొద్దిమంది పాడినదానిని 1859లో లండనులోని స్ఫటిక భవనములో రెండువేలకు మించిన గాయకులు పాడిరి. గట్టిగా పాడినంత మాత్రమున లోతుగా పాడినట్లు కాదు. మన కాలములో పండితులు పాత లెక్కలను చేతివ్రాతలను చూచి, హాండెల్ దినములలో పాడిన విధమునకు దానిని తిరిగి తెచ్చిరి.

పట్టణములో చదువుకొను మన పిల్లల ఫోనులలో ఇప్పుడు అనేకుల రికార్డులు దొరకును. వాటిలో మూడు చెప్పుచున్నాను.

మొదటిది క్రిస్టఫర్ హాగ్‌వుడ్ నడిపించి 1980లో వెలువడినది. అనాథ పిల్లల గుడిలో 1754లో పాడిన విధమునే ఇందులో అనుసరించిరి. ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చి దేవాలయపు బాలురు పైస్వరము పాడుదురు. వాద్యములు పాత కాలపు విధమైనవి. ధ్వని పలుచగాను తేటగాను ఉండును. ఆ గుడిలో అనాథల నడుమ కూర్చున్నట్లుండును.

రెండవది కాలిన్ డేవిస్ 1966లో లండన్ సింఫనీ వాద్యబృందముతో చేసినది. వాద్యములు నేటివియే గాని, గాయకులను తక్కువచేసి నడకను చురుకుగా ఉంచెను. యెషయా 53:3ను హెలెన్ వాట్స్ పాడగా వినుడి. తొందరలేక, ఏడ్పు నటింపక పాడును. మొదటిసారి వినువారికి ఇదియే సులభము.

మూడవది ట్రెవర్ పిన్నాక్ ఇంగ్లిష్ కాన్సర్ట్ అను బృందముతో 1988లో వెలువరించినది. హాగ్‌వుడ్ యొక్క తేటదనమును, పండుగ దినపు నిండుదనమును రెండును ఇందులో ఉన్నవి. 1 కొరింథీయులకు 15:52 యొద్ద బూర మ్రోగును. సమాధి ఆరాధన చేసివచ్చిన ఇంటివారికి అది వినిపింపుడి.

భాష రాదని భయపడకుడి. మూడు సాయంకాలములు కూడుకొనుడి. ఒక్కొక్క దినము ఒక్కొక్క భాగము. ప్రతి పాటకు ముందు దాని వచనమును మన తెలుగు బైబిలులో ఒకరు బిగ్గరగా చదువవలెను. తరువాత వినిన యెడల స్వరమే అర్థము చెప్పును. యెషయా 40:4లో వంకర త్రోవ వచ్చినచోట స్వరము వంకరలు తిరిగి, చక్కనైనచోట నిలుకడగా నిలుచును. యెషయా 53:6లో నాలుగు గొంతులు నాలుగు దిక్కులకు మేకలమంద వలె చెదరిపోవును. సంతోషముగానే తిరుగుచు పోవును. కడపటి వాక్యమునొద్ద నడక ఒక్కసారిగా మందగించి, ఆ దోషమంతయు ఎవరిమీద మోపబడెనో వినువారికి తెలియును. గొఱ్ఱెల కాపరుల ఘట్టమునకు ముందు మాటలు లేక వాద్యములే మ్రోగును. ఇటలీ కొండల కాపరులు క్రిస్మసుకు పట్టణములలో ఊదు వాయిద్యపు వరుస అది. మన ఊరి కాపరులు దానిని వెంటనే గుర్తుపట్టుదురు.

రెండవ భాగమును వినకుండ హల్లెలూయ ఒక్కటే వేయకుడి. ఆ పాటకు ముందు గాయములు ఉన్నవి, ఎగతాళి ఉన్నది, నింద ఉన్నది. సిలువ దాటివచ్చిన హల్లెలూయ అది.

మన ప్రోనోట్లు

చెరసాలలో బాకీదారులను వేయు ఆ పాత చట్టము పోయినది. అప్పు మాత్రము పోలేదు. ఆస్పత్రి ఖర్చుకు వ్రాసిన ప్రోనోటు, ఎండిన పంటకు తెచ్చిన పెట్టుబడి, పిల్లదాని పెండ్లికి తెచ్చిన వడ్డీ సొమ్ము, ఇవి గోడలు లేని చెరసాలలు. మన సంఘములోనే ఆ చెరలో ఉన్నవారు గలరు. అప్పిచ్చి వడ్డీమీద వడ్డీ కట్టి వారిని అందులో ఉంచినవారును మన సంఘములోనే యుండవచ్చును. ఇద్దరును క్రిస్మసునాడు ఒక్కచోట నిలిచి హల్లెలూయకు తల వంచుదురు.

హాండెల్ జీవితములోని చేదు సంగతిని ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుడి. బాకీదారులకు తలుపు తెరచిన వాని పేరు బానిసలకు సంకెళ్లు వేయు కంపెనీ పుస్తకములోను ఉండెను. వరము దేవునిది, పాత్ర మట్టిది. పాత్రను పూజింపకుందము, వరమును పారవేయకుందము. అయితే మన పేరు ఏ పుస్తకములో ఏ పద్దుక్రింద ఉన్నదో మనమును చూచుకొనవలెను.

ఈ సంవత్సరము గుడిలో హల్లెలూయ వేసినప్పుడు మైకు ప్రక్కన ఒక కానుక పళ్లెము పెట్టుడి. అది గుడి సున్నమునకు గాని, పందిరి ఖర్చునకు గాని కాదు. ఊరిలో ఒక్క కుటుంబపు బాకీకి అని ముందే చెప్పుడి. సంఘపెద్దలు మాటలేక ఆ బాకీ తీర్చి, ఆ కాగితమును తెచ్చి ఇంటివారి చేతిలో పెట్టవలెను. ఎవరి బాకీయో సంఘమునకు చెప్పనక్కరలేదు. అప్పిచ్చినవాడు సంఘస్థుడే అయిన యెడల, అతడే ఆ కాగితమును చింపిన మరింత మేలు.

142 మందిని విడిపించిన పాట మన ఊరిలో ఒక్క ఇంటినైనను విడిపించునుగాక.

ధ్యానించుటకు:

1. రెండవ భాగములోని శ్రమను వినకుండ హల్లెలూయను మాత్రమే కోరు భక్తి మనలో ఉన్నదా?

2. మన బాకీని ప్రభువు కొట్టివేసెనని నమ్ముచు, తోటివాని బాకీని పట్టుకొని యున్నామా? (మత్తయి 18:23–35 చదువుడి.)

3. మన చేతిలోనున్న వరము, అది పాట కావచ్చును, కుట్టు కావచ్చును, వడ్రంగము కావచ్చును, ఈ యేడు ఎవరికి తలుపు తెరచును?